బొమ్మ సంగతి తర్వాత, ముందు పేర్లు రాయండి

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న మీ పేపర్ జిల్లా ఎడిషన్‌ల లోపలి పేజీల ఒక చిన్న వార్త వచ్చింది, మా ఊర్ల సైనికుల స్మారకం కడ్తున్నరని, చౌరస్తాల జవాన్ విగ్రహం పెడ్తరని, దానికి ముగ్గు ఎవరు పోసిండ్రు, కొబ్బరికాయ ఎవరు కొట్టిండ్రు, ఎవరెవరు హాజరైండ్రు అని. హాజరైనోళ్ల పేర్లే ఎనిమిది తొమ్మిది లైన్లు ఉన్నయి. ఎవరి కోసం కడ్తున్నరో వాళ్ల పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. మీ విలేకరిని నేను అనడం లేదు, ఆయనకు ఇచ్చిన ప్రెస్ నోట్‌లనే లేదు, ఆ ప్రెస్ నోట్ టైప్ చేసి ప్రింటు తీసింది నేనే కాబట్టి నాకు తెలుసు. టైప్ చేసేటప్పుడు అడిగిన, అన్నా ఇండ్ల మిలట్రీ వాళ్ల పేర్లు ఏడున్నయి అని, అవన్నీ తర్వాత చూద్దాం తమ్మీ ముందు ఇది పంపు టైమైతుంది అన్నరు. ఆ "తర్వాత" గురించే ఈ లెటర్.

మాది హన్మకొండ నుంచి బస్సుల గంటన్నర దూరం ఉండే ఊరు, పేరుకు మున్సిపాలిటీ. బస్టాండ్ ఎనుక నాది జిరాక్స్, డీటీపీ షాపు, దాంతోని ఆన్‌లైన్ పనులు సుత చేస్త. నవంబర్ వచ్చిందంటే పింఛన్‌దార్లకు లైఫ్ సర్టిఫికెట్ నెల, నా షాపుల ముసలోళ్లే ఉంటరు. మిలట్రీ పింఛన్లు ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ సిస్టంలకు పోయినయి, ఇంతకుముందు బ్యాంకుల సంతకం పెడితే అయిపోయేది ఇప్పుడు నా షాపుల వేలిముద్ర పడాలె, వ్యవసాయం చేసి చేసి వేళ్లు అరిగినోళ్లకు అది ఒక పట్టాన పడదు, తుడుచుకుంట రుద్దుకుంట కూసుంటరు. అట్ల కూసున్నప్పుడు వాళ్ల చేతిల ఉండే ప్లాస్టిక్ కవర్లకెల్లి ఒక్కొక్కటి బయటికొస్తయి, డిశ్చార్జ్ బుక్కు, పీపీవో అనే పింఛన్ ఆర్డర్ కాగితం, అంచులు చినిగిపోయిన గ్రూప్ ఫోటో, ఒక్కోసారి మెడల్స్. పూర్వీ స్టార్ అంటే 1971ల తూర్పు దిక్కు బంగ్లాదేశ్ లడాయిల ఉన్నోళ్లకు ఇచ్చింది, పశ్చిమీ స్టార్ అంటే పడమటి బార్డర్‌ల ఉన్నోళ్లకు, సమర్ సేవా స్టార్ అయితే ఇంకా పాతది, 1965ది. ఇవన్నీ నేను పుస్తకంల చదవలేదు, ఓటీపీ వచ్చే లోపల వాళ్లు చెప్తే విన్నయే.

ఒకాయన శ్రీలంకకు పోయిండు. మన సైన్యం 1987ల శాంతి సేన అని పోయి 1990ల వాపస్ వచ్చింది గదా, దాదాపు 1200 మంది మనోళ్లు అక్కడ పాణాలు పోగొట్టుకున్నరు, మా ఊర్ల ఆ లడాయి జరిగినట్టే ఎవరికీ యాది లేదు. ఆ పెద్దమనిషి జాఫ్నాల బండి నడిపిండు, రోడ్డు కింద ఎక్కడ మందుపాతర ఉందో తెల్వకుండ రోజూ అదే రోడ్డు మీద రేషన్ ఏసుకొని పోయేదంట. ఇంకొకాయన సియాచిన్ కింద బేస్ క్యాంపుల వంట చేసిండు. సియాచిన్ మీద మన సైన్యం 1984 ఏప్రిల్‌ల ఎక్కింది, అప్పటి నుంచి ఇప్పటిదాకా దిగలే, అంతమందికి అక్కడ అన్నం ఎవరో ఒకరు వండాలె గదా. తుపాకి పట్టుకొని కొండెక్కుతున్న జవాన్ బొమ్మ పెడితే ఈ ఇద్దరిట్ల ఎవరి పోలికా అండ్ల ఉండదు. నా దగ్గరికి వచ్చే డిశ్చార్జ్ బుక్కుల్ల ఎక్కువ కనబడేది గోల్కొండ ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్‌ల ఈఎంఈ, ఏఓసీ, బెంగుళూర్ల మద్రాస్ సాపర్స్. అంటే గన్నర్లు, మెకానిక్కులు, స్టోర్‌ల పనిచేసినోళ్లు, వంతెనలు కట్టినోళ్లు. మా దిక్కు పిల్లలు పదో తరగతి అయినంక లష్కర్, అంటే సికింద్రాబాద్ దాకా రైలు టికెట్ పైసలు పట్టుకొని పోయి దొరికిన ట్రేడ్‌ల చేరిండ్రు.

సూర్యాపేటల కల్నల్ సంతోష్ బాబు విగ్రహం ఉన్నది గదా అక్కడ పెట్టుకున్నప్పుడు మన దగ్గర ఎందుకొద్దు అని స్మారకం కట్టే కమిటీల ఒకాయన నన్ను గట్టిగనే అడిగిండు. ఉండాలె, ఎవరొద్దన్నరు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయల 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్‌గ ముందుండి కొట్లాడి పాణం ఇచ్చిండు, ఆయనతోని కలిపి 20 మంది పోయిండ్రు, మహావీర్ చక్ర వచ్చింది, సరిగ్గ ఏడాదికి ఆయన ఊర్ల విగ్రహం లేచింది. కానీ అది ఒక మనిషి విగ్రహం. ఆ మొఖం ఆయనదే, కింద పేరు ఆయనదే, చూసినోళ్లు ఎవరో చెప్పగలుగుతరు. మా చౌరస్తాకు ఆర్డర్ ఇచ్చిన బొమ్మ ఎవరిది? విగ్రహాలు పోసే కాడ రెడీమేడ్ అచ్చు ఉంటది, అండ్ల సిమెంటు పోసి సిల్వర్ పెయింట్ ఏస్తరు, మొఖం హీరో లెక్క ఉంటది, మీసం సుత వాళ్లే పెడ్తరు. కొటేషన్ నా షాపుల స్కాన్ చేసిండ్రు కాబట్టి చూసిన. బొమ్మకు ఇంత, గద్దెకు ఇంత, లైటింగ్‌కు ఇంత, ఆవిష్కరణ శిలాఫలకానికి ఇంత అని నాలుగు ఐటంలు ఉన్నయి, పేర్ల బండకు ఐటమే లేదు.

ఉత్తర తెలంగాణల మనకు స్తూపాలు కొత్త కాదు సార్. పరకాలల అమరధామం ఉన్నది, 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేస్తం అని పోయినోళ్ల మీద కాల్పులు జరిగిన గడ్డ అది. బైరాన్‌పల్లిల బురుజు ఇంకా నిలబడే ఉన్నది, రజాకార్లు ఊరోళ్లను కాల్చిచంపిన 1948 ఆగస్టు 27 అంటే అక్కడి ముసలోళ్లకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటది. ఆదిలాబాద్ దిక్కు పోతే గిరిజనుల మీద కాల్పులు జరిగిన ఇంద్రవెల్లి. హన్మకొండ అదాలత్ దగ్గర తెలంగాణ అమరవీరుల స్తూపం. ఒకప్పుడు మా చుట్టుపక్కల ఊర్లల్ల ఎర్ర స్తూపాలు సుత ఉండేటివి, ఆ రాజకీయం జోలికి నేను పోను, కానీ వాటి మీద సుత పేర్లు రాసి ఉండేటివి, తారీఖుతోని సహా. ఇన్ని రకాల స్తూపాలు చూసిన జిల్లాల, సర్కారు యూనిఫాం ఏసుకొని దేశం కోసం పోయినోళ్లకు కట్టే స్మారకం మీదనే పేర్లు లేకపోవుడు ఏంది?

ఇంకా ఎనుకకు పోతే కాకతీయుల కాలం వీరగల్లులు ఉన్నయి, అంటే కొట్లాడి సచ్చిపోయినోళ్ల యాదికి నిలబెట్టిన రాళ్లు. చెరువు కట్ట మీదనో, ఊరవతల చింతచెట్టు కిందనో సగం భూమిల కూరుకపోయి ఉంటయి, కత్తి ఎత్తినోడు, గుర్రం మీదోడు, పైన సూర్యుడు చంద్రుడు. ఆ మనిషి ఊరి పశువుల కోసం కొట్లాడిండా, రాజు కోసం సచ్చిపోయిండా, ఏ ఇంటోడు, ఎవరి కొడుకు, మా దగ్గర ఉన్నదాని మీద ఒక్క అక్షరం లేదు. ఊరోళ్లు పసుపు పూసి బొట్టు పెట్టి ఏదో దేవుడు అని మొక్కుతున్నరు, మొక్కుడు మంచిదే, కానీ ఎనిమిది వందల ఏండ్లకు ఆ మనిషి పూర్తిగ పోయిండు, రాయి ఒక్కటే మిగిలింది. మేం ఇప్పుడు సిల్వర్ పెయింట్ ఏసి కట్టబోయేది అదే, కాకపోతే కాకతీయుల శిల్పి మనకంటే మంచిగ చెక్కిండు.

పేర్లు అంటే ఎవరెవరి పేర్లు అని వెంటనే అడుగుతరు. లడాయిల సచ్చిపోయినోళ్లవే రాస్తం అంటరు కొందరు. ఢిల్లీల 2019 ఫిబ్రవరి 25న మొదలైన నేషనల్ వార్ మెమోరియల్ అట్లనే ఉన్నది, త్యాగ చక్రంల గ్రానైట్ పలకల మీద అప్పటికి 25,942 పేర్లు, ర్యాంకు, రెజిమెంట్‌తోని సహా. దేశం మొత్తానికి కట్టిన కాడ అది సరిపోతది. చిన్న ఊరికి ఆ లెక్క సరిపోదు అని నా అభిప్రాయం. మా ఊరినుంచి పోయి లడాయిల పాణం ఇచ్చినోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే, వాళ్ల పేర్లు ముందు ఉండాలె, పైన ఉండాలె, పెద్దగ ఉండాలె, దాంట్ల వాదన లేదు. కానీ పదిహేనేండ్లు, ఇరవై ఏండ్లు చేసి, పెండ్లాం పిల్లలను ఊర్ల ఇడిసిపెట్టి, తల్లి సచ్చిపోతే తార్ అందే వరకే దినాలు అయిపోయి, తిరిగొచ్చి ఇక్కడనే మిల్లుల వాచ్‌మన్‌గనో, బ్యాంకు ముంగట బందూకు పట్టుకొనో బతికి ముసలితనంల పోయినోళ్లు ఉన్నరు చూడు, వాళ్ల పేర్లు ఢిల్లీల ఎవరూ రాయరు, హైదరాబాద్‌ల ఎవరూ రాయరు. రాస్తే సొంత ఊరే రాయాలె. గోదావరి జిల్లాలల్ల మిలట్రీ మాధవరం అని ఒక ఊరు ఉన్నది, మొదటి ప్రపంచ యుద్ధం కాడికెల్లి తరం తరం మిలట్రీకి పోయినోళ్ల ఊరు, దానికి ఆ పేరే వాళ్ల వల్ల వచ్చింది. మాది అంత పెద్ద ముచ్చట కాదు, కానీ ఉన్నకాడికి రాసుకోవచ్చు గదా.

రాయాలె అంటే ముందు పేర్లు దొరకాలె, అసలు కష్టం అక్కడ ఉన్నది, బొమ్మకు చందాలు దొరికినంత అల్కగ ఇది దొరకదు. 1971ల ఇరవై ఏండ్ల పోరగాడు ఇప్పుడు డెబ్బై అయిదుకు వచ్చిండు, 1965 వాళ్లు ఎనభై దాటిండ్రు, 1962ల చైనా లడాయికి పోయినోళ్లు మా దగ్గర ఒక్కరు సుత బతికి లేరు. వాళ్లు పోతే కాగితాలు సుత పోతయి. కొడుకులు హైదరాబాద్‌ల, మనుమలు అమెరికాల, పాత ఇల్లు కూలగొట్టి బిల్డింగ్ కట్టేటప్పుడు ఆ రేకుల ట్రంకు ఇనుప సామాన్ల ఆయనకు పోతది, ట్రంకుల ఏమున్నదో ఎవడు చూసిండు. మొన్న ఒకామె వచ్చింది ఫ్యామిలీ పింఛన్ పని మీద, మీ ఆయన ఏ రెజిమెంట్ అమ్మా అంటే ఏమో బిడ్డా చలి దేశంల ఉంటుండే అన్నది. ఆయన నంబర్ మాత్రం గడగడ చెప్పింది, ఉత్తరం మీద రాయించి రాయించి నోటికి వచ్చిందట. ఆ నంబర్ పట్టుకొని పోతే రికార్డ్ ఆఫీసుల మనిషి మొత్తం చరిత్ర దొరుకుతది, ఆమె ఉన్నన్ని రోజులే ఆ నంబర్ ఉంటది.

వెతకాలనుకుంటే దారులు లేవని కాదు. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుల మాజీ సైనికులు, వితంతువుల రిజిస్టర్ ఉంటది, కానీ అండ్ల పేరు ఎక్కించుకున్నోళ్లే ఉంటరు. తహసీల్ ఆఫీసుల మాజీ సైనికులకు అసైన్ చేసిన భూముల ఫైళ్లు ఉంటయి, పదేండ్ల తర్వాత అమ్ముకోవచ్చు అనే రూల్ ఉంది కాబట్టి ఆ భూములు చేతులు మారినయి గని ఫైల్ల మొదటి పేరు జవాన్‌దే. ఇప్పుడు సర్వీసుల ఉన్నోళ్ల సంగతికి ఓటర్ లిస్టుల సర్వీస్ ఓటర్లు అని వేరే లిస్టు ఉంటది. ఇవన్నీ ఒక్క దగ్గర కలపాలె, కలిపి గల్లీ గల్లీ తిరిగి పెద్దమనుషులను అడగాలె. మా డిగ్రీ కాలేజీల ఎన్‌సీసీ పిల్లలు ఉన్నరు, ఆగస్టు పదిహేనుకు కవాతు చేయించి మిగతా ఏడాదంతా వాళ్లను ఊకెనే కూసోబెట్టుడు కంటే ఈ పని చెప్తే ఉరికి చేస్తరు.

పేరు దొరికినంక పేరు సరిగ్గ రాసుడు ఇంకో లొల్లి. మా దిక్కు కొమురయ్య మిలట్రీ కాగితాలల్ల కుమార్ అయితడు, సమ్మయ్య సామియా అయితడు, ఓదెలును ఆ ఉత్తరాది క్లర్కు ఏం విన్నడో ఏం రాసిండో దేవునికే తెలుసు, ఇంటిపేరు అయితే చాలామందికి లేనే లేదు, తండ్రి పేరే ఇంటిపేరు కాడ రాసిండ్రు. ఆధార్‌ల ఒక తీరు, పీపీవోల ఒక తీరు, ఊర్ల పిలిచేది ఇంకో తీరు. బండ మీద ఊర్ల పిలిచిన పేరు ఇంటిపేరుతోని సహా ఉండాలె అంటాను నేను, పక్కన ఏ వాడనో ఏ పల్లెనో, ఏ ట్రేడో, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకనో. ఒక్క మా మండలంలనే మిలట్రీ సమ్మయ్యలు నలుగురో అయిదుగురో ఉంటరు, వాడ పేరు లేకపోతే ఏ సమ్మయ్యనో ఎట్ల తెలుస్తది. పెండ్లి పత్రికల మేనమామ పేరు తప్పు పడితేనే పత్రికలు వాపస్ పంపుతం, రాయి మీద తప్పు పడితే ఏం చేస్తం.

అది తెలుగుల ఉండాలె, తెలుగు మంచిగ ఉండాలె. నా పనే అది కాబట్టి చెప్తున్న. వాట్సాప్‌ల వచ్చిన మెసేజ్‌ను డీటీపీల వాడే అను ఫాంట్లకు మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతయి, దీర్ఘాలు పక్క అక్షరానికి పోయి పడ్తయి, బండ చెక్కే మిషిన్‌కు ఏ ఫైల్ ఇస్తే అదే చెక్కుతది, దానికి తెలుగు రాదు. మా పక్క ఊర్ల ఒక గుడి దాతల బండ మీద సగం పేర్లకు ఒత్తులు లేవు, పదివేలు ఇచ్చినోళ్లు పాపం వాళ్ల పేరును వాళ్లే వెతుక్కుంటున్నరు. ఇంక రాయి సంగతి, కరీంనగర్ రాయి దగ్గర దొరుకుతది కదా అని గోధుమ రంగుది ఏద్దాం అంటున్నరు, అది ఇండ్లల్ల మెట్లకు మస్తుంటది, అక్షరాలకు పనికిరాదు, మచ్చలల్ల కలిసిపోతయి. చీమకుర్తి గెలాక్సీ సుత వద్దు, ఆ మెరుపు చుక్కలల్ల సున్నా ఏదో చుక్క ఏదో తెల్వది. మచ్చ లేని నల్ల రాయి మీద లోతుగ చెక్కాలె, బంగారు పెయింట్ మీదనే ఆధారపడితే రెండు ఎండాకాలాలకు పోతది. మా దగ్గర మే నెల ఎండకు నల్ల రాయి పెనం లెక్క కాలుతది, దానికి పైన రేకో చెట్టో నీడ ఉండాలె, లేకుంటే సాయంత్రం దాకా ఎవడూ దగ్గరికి పోడు.

నీడ అన్న కాబట్టి జాగ గురించి సుత చెప్పాలె. చౌరస్తా నడిమిట్ల వద్దు. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు పర్మిషన్ ఇయ్యొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18ననే ఆర్డర్ ఇచ్చింది, రేపు రోడ్డు వెడల్పు అంటే ముందు తీసేసేది దీన్నే. కోర్టు సంగతి పక్కన పెట్టినా, డెబ్బై ఎనభై ఏండ్ల మనిషి చుట్టూ ఆటోలు లారీలు తిరుగుతుంటే రోడ్డు దాటి నడిమిట్లకు పోయి తన దోస్తు పేరు చదువుతడా? లైబ్రరీ పక్కన మున్సిపాలిటీ జాగ ఖాళీగ ఉన్నది, రెండు వేపచెట్లు ఉన్నయి, పొద్దుగాల పేపర్ చదవడానికి వచ్చేటోళ్లు ఎట్లాగూ వస్తరు, నాలుగు సిమెంటు బెంచీలు ఏస్తే చాలు. అక్కడ పెడితే బస్సులల్ల పోయేటోళ్లకు కనబడదు కదా అని కమిటీ బాధ. కనబడాల్సింది ఎవరికి అనేది వాళ్లే ఆలోచించుకోవాలె.

ఇంక ఎవరిని రాయాలె ఎవరిని రాయొద్దు అనే పంచాయితి తప్పదు, ఇప్పుడే తేల్చుకుంటే మంచిది. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వాళ్లు మిలట్రీ కిందికి రారు అని ఒకాయన రూల్ మాట్లాడిండు, రూల్ ప్రకారం నిజమే, వాళ్లు హోం శాఖ కిందికి వస్తరు. కానీ 2010 ఏప్రిల్ 6న దంతెవాడల ఒక్కపూటల 76 మంది పోయిండ్రు, 2019 ఫిబ్రవరి 14న పుల్వామాల 40 మంది పోయిండ్రు, వాళ్ల తల్లులకు ఏ శాఖ అయితే ఏంది. మా దిక్కు పిల్లలు ఆర్మీ ర్యాలీల రన్నింగ్ పోతే సీఆర్‌పీఎఫ్ పరీక్ష రాసిండ్రు, అది పోతే కానిస్టేబుల్ రాసిండ్రు, అందరూ ఒక్క గ్రౌండ్‌లనే ఉరికినోళ్లు. నా మటుకు నేను వాళ్లకు పక్కన ఇంకో పలక పెట్టాలంటున్న. మిలట్రీ నర్సులుగ పోయిన ఆడపిల్లలను సుత మర్చిపోవద్దు, జవాన్ బొమ్మ చూసి వాళ్లు ఎవరికీ యాదికి రారు. ఇప్పుడు డ్యూటీల ఉన్నోళ్ల పేర్లు, యూనిట్లు రాయొద్దు, అది వాళ్లకే మంచిది కాదు, రిటైర్ అయినంక ఎక్కించొచ్చు.

నిజాం కాలం వాళ్లను రాయొద్దని ఒకరిద్దరు అంటున్నరు, రజాకార్ల కథ యాదికొచ్చి అంటున్నరు, ఆ నొప్పి నాకు తెలుసు, మా తాత వాళ్లు సుత ఆ రోజులల్ల గుట్టలల్ల దాక్కున్నరు. కానీ రజాకార్లు వేరు, ప్రపంచ యుద్ధాలకు పోయిన పటాలం వేరు. ఢిల్లీల తీన్‌మూర్తి దగ్గర మూడు విగ్రహాలు ఉంటయి చూడండి, ఒకటి జోధ్‌పూర్ లాన్సర్లది, ఒకటి మైసూర్ లాన్సర్లది, మూడోది హైదరాబాద్ లాన్సర్లదే, మొదటి ప్రపంచ యుద్ధంల ఈజిప్టు పాలస్తీనా దిక్కు పోయినోళ్లు. ఇంకో ముచ్చట, ఇప్పటి కుమావూ రెజిమెంట్ ఉంది చూడు, 1962ల రెజాంగ్‌లాల చివరి తూటా దాకా కొట్లాడింది దాంట్ల 13వ బెటాలియన్, ఆ రెజిమెంట్‌కు 1945 దాకా ఉన్న పేరు హైదరాబాద్ రెజిమెంటే. పేరు హైదరాబాద్‌దే గని మనుషులు ఎక్కువ ఉత్తరాదోళ్లు, అది వేరే సంగతి. మా ఊర్ల ఒక్క ఇంట్ల మాత్రం తాతల నాటి రాగి మెడల్ ఉన్నది, దాని మీద బ్రిటిష్ రాజు తల ఉన్నది, అంచుకు ఒక నంబర్, పేరు చెక్కి ఉన్నయి. ఆ పేరు మా స్మారకం మీద ఉండాలె.

నాలుగేండ్లకే తిరిగొచ్చే అగ్నివీర్ల సంగతి ఏందంటే, నాకు తెలిసి రాయాలె. 2022ల స్కీం పెట్టినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌ల ఏమైందో, మా వరంగల్ పోరగాడు ఒకడు కాల్పులల్ల పాణం పోగొట్టుకున్నదీ అందరికీ యాదున్నది. ఆ స్కీంల నూటికి ఇరవై అయిదు మందినే పక్కా చేస్తరు, మిగతా వాళ్లకు పింఛన్ ఉండదు, మాజీ సైనికుడు అనే హోదా సుత ఉండదు. సర్కారు ఇయ్యని గుర్తింపు సొంత ఊరన్నా ఇయ్యొద్దా, ఆ పిల్లగాడు లడాఖ్ చలిల నాలుగేండ్లు నిలబడ్డది నిజమే గదా. అందుకే బండ మీద కింద సగం జాగ ఖాళీగ ఇడిసిపెట్టాలె, ఇంకా పోతనే ఉన్నరు మా పిల్లలు.

2023ల మేరీ మాటీ మేరా దేశ్ అనే కేంద్ర సర్కారు కార్యక్రమంల పంచాయతీ పంచాయతీకి శిలాఫలకాలు పెట్టిండ్రు, ఆ ఊరి వీరుల పేర్లు రాయాలన్నదే దాని ఉద్దేశం. నేను పనిమీద పోయిన ఒక ఊర్ల చూసిన, పైన రాయాల్సిన నినాదం ఉన్నది, కింద పేర్ల కాడ ఖాళీ. ఆ ఊర్ల రిటైర్డ్ సుబేదార్ ఒకాయన ఆ ఫలకం ఎదురుంగనే హోటల్ నడిపిస్తున్నడు! ఎవరూ అడగలేదా అంటే అడిగితే చెప్పకపోదునా అని చాయ పోసిండు.

ఆవిష్కరణ ఆగస్టు పదిహేనుకు అంటున్నరు, ఆ రోజు పెద్దసార్లకు పది జెండాలు ఉంటయి, పది నిమిషాలు ఆగి పోతరు. జనవరి 14 వెటరన్స్ డే, ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953ల రిటైర్ అయిన రోజు, లెక్క ప్రకారం అదే సరైంది, కానీ మా దిక్కు ఊరు నిండేది సంక్రాంతికి కాదు దసరాకు. లీవు దొరికిన జవాన్లు వస్తరు, హైదరాబాద్‌ల సెటిలైనోళ్లు వస్తరు, సాయంత్రం ఊరంతా జమ్మికి పోతది, పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు అది, జమ్మి ఆకు చేతిల పెట్టుకొని పెద్దోళ్ల కాళ్లు మొక్కుతం. ఆ రోజు పెడితే ఎవరినీ పిలవాల్సిన పని లేదు, బస్సులు పెట్టి తోలాల్సిన పని అసలే లేదు. కొబ్బరికాయ ఒక జవాన్ పెండ్లాంతోని కొట్టించండి.

విగ్రహం అడ్వాన్సు ఇచ్చేసినం కదా ఇప్పుడెట్ల అంటరేమో, విగ్రహం సుత పెట్టుకోండి, నాకేం అడ్డం లేదు, ఎత్తు రెండు ఫీట్లు తగ్గిస్తే మిగిలిన పైసలతోని పేర్ల బండ వస్తది. ఒక్క పని మాత్రం చెయ్యండి. రాయి మీద చెక్కకముందు మొత్తం పేర్ల లిస్టును పెద్ద ఫ్లెక్సీ మీద ప్రింట్ చేసి బస్టాండ్‌ల ఒక పక్షం రోజులు కట్టండి, ఓటర్ లిస్టు డ్రాఫ్టు పెట్టినట్టు. ఎవరి పేరు లేదో, ఎవరి ఇంటిపేరు తప్పు పడ్డదో, ఎవరు మిలట్రీకి పోకున్నా పోయినట్టు రాయించుకున్నరో జనమే వచ్చి చెప్తరు, మా ఊరోళ్లకు అది చెప్పుడు బాగ వచ్చు. ఫ్లెక్సీ, డీటీపీ, తప్పులు దిద్దుడు నా ఖర్చు. డిశ్చార్జ్ బుక్కు, ఫోటో, మెడల్ ఏదున్నా తెస్తే స్కాన్ చేసుకొని అప్పటికప్పుడే వాపస్ ఇస్త, రూపాయి తీసుకోను. ఆ ఫ్లెక్సీ మీద మాత్రం పైన కింద ఎవరి ఫోటోలు ఏయను, ముందే చెప్తున్న.

ఇట్లు,
మీ పేపర్ రోజూ చదివే జిరాక్స్ షాపాయన,
వరంగల్ జిల్లా